థైరాయిడ్ మోతాదు పెంచే ముందు మాత్ర వేసుకునే తీరు అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. థైరాయిడ్ గ్రంథి మందగించడం వల్ల, ఆ గ్రంథి ఇవ్వవలసిన హార్మోనును అందించే లెవోథైరాక్సిన్ మాత్రను పదమూడేళ్లుగా వాడుతున్నాను. మా వీధిలోనూ బంధువుల్లోనూ ఇదే మాత్ర వాడేవారు చాలామంది ఉన్నారు. నేను చేసిన పొరపాటే వారిలో కొందరు ఇప్పటికీ చేస్తుండడం చూసి, మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

చాలా ఏళ్లపాటు 100 మైక్రోగ్రాముల మాత్రతో నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను చాలకపోతే పెరిగి, ఎక్కువైతే తగ్గే రక్తపరీక్ష అంకె) సక్రమంగానే ఉండేది. మోకాళ్ల నొప్పులు మొదలైన తరువాత కాల్షియం మాత్ర కూడా రాశారు. రెండూ ఒకేచోట ఉంటే మరిచిపోనన్న ఉద్దేశంతో వాటిని కలిపి తెల్లవారుజామునే వేసుకుని, పది నిమిషాలు గడవకముందే డికాక్షన్ కాఫీ తాగేదాన్ని. ఆరు నెలలకు టీఎస్‌హెచ్ 9 దాటింది. నేను చూపించుకున్న చోట రిపోర్టు చూసి మోతాదును ముందు 125కు, ఆ పైన 150కి పెంచారే తప్ప, మాత్రను ఎప్పుడు, దేనితో కలిపి వేసుకుంటున్నారని అడగలేదు. చెప్పవలసిన సంగతి అని నాకూ తెలియలేదు. కొన్నాళ్లకు కాల్షియం వాడకం ముగిసింది కానీ 150 మాత్రం అలాగే కొనసాగింది. రెండు మూడు నెలలు తిరగకుండానే రాత్రిళ్లు గుండె దడ, చేతుల్లో వణుకు, మార్గశిర మాసపు చలిలోనూ చెమటలు పట్టుకున్నాయి. మళ్లీ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 0.05కు పడిపోయి ఉంది. అప్పుడు మరొక వైద్యురాలు ఓపికగా నా దినచర్య అంతా అడిగి తెలుసుకుని, అసలు కారణం కనిపెట్టి, మోతాదును తిరిగి 100కు తెచ్చారు.

నా దేహంలో జరిగింది ఇది. కాల్షియం, ఐరన్, కొన్ని రకాల గ్యాస్ మందులు పేగులో ఈ హార్మోనును పట్టేసి రక్తంలోకి చేరనివ్వవు. వెంటనే తాగే కాఫీ, తినే ఆహారం కూడా అది ఒంటబట్టడాన్ని తగ్గిస్తాయి. అంటే నేను 100 మింగుతున్నా ఒంటికి అందేది అందులో కొంతే. అడ్డు తొలగిన నాటి నుంచి 150లో ఎక్కువ భాగం ఒంటబట్టింది. మోతాదు అలా ఎక్కువైతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు పలచబడతాయి. ఎముకల కోసమని వేసుకున్న కాల్షియమే, వేళ తెలియక వేసుకున్నందువల్ల, చివరకు ఎముకలకే చేటు తెచ్చే మోతాదు దాకా నన్ను తీసుకుపోయిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఈ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట వరకు ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం పాటించాలి. పొద్దున కుదరనివారు, రాత్రి భోజనమైన మూడు నాలుగు గంటలకు, పడుకునే ముందు వేసుకునే పద్ధతి గురించి వైద్యులను అడగవచ్చు.

రెండో విషయం ఓపికకు సంబంధించినది. మోతాదు మార్చిన పది రోజులకే నీరసం తగ్గలేదని ల్యాబుకు వెళ్లేవారిని, తమంతట తామే మరో అర మాత్ర కలిపి వేసుకునేవారిని నేను ఎరుగుదును. ఈ హార్మోను రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు ఏడు రోజులు పడుతుంది కనుక, కొత్త మోతాదు ఒంట్లో నిలకడకు రావడానికి అయిదారు వారాలు కావాలి. హార్మోను చాలకపోతే టీఎస్‌హెచ్‌ను పెంచి, ఎక్కువైతే తగ్గించే పీయూష గ్రంథి కూడా ఆ తరువాతే సరైన లెక్క చెబుతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించాలంటారు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పి, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి. లేకుంటే కొన్ని ల్యాబు పద్ధతుల్లో అంకెలు తప్పుగా వచ్చి, వాటిని బట్టి మోతాదూ తప్పుగా మారే అవకాశం ఉంది.

పక్కింటివారి మోతాదుతో పోల్చుకోవడం కూడా మానుకోవాలి. గ్రంథి పూర్తిగా పనిచేయని పెద్దవారికి కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావాలని వైద్యుల అంచనా. అరవై కిలోల మనిషికి అది దాదాపు 100 అవుతుంది. కానీ వయసు పైబడినవారికి, గుండె జబ్బు ఉన్నవారికి 12.5తోనో 25తోనో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. 12.5కూ 125కూ తేడా ఒక్క చుక్క మాత్రమే కనుక, మందుల దుకాణంలో ఇచ్చిన అట్టను కళ్లజోడు పెట్టుకుని చదివాకే ఇంటికి తెచ్చుకోవాలి.

మన ప్రాంతంలో శనివారం ఒక్కపొద్దులు, పెరటాసి నెల ఉపవాసాలు శ్రద్ధగా చేస్తాం. ఆ రోజుల్లో మాత్ర మానేసేవారున్నారు. ఉత్త నీళ్లతో, పరగడుపున వేసుకునే ఈ మాత్ర ఒక్కపొద్దుకు ఏ విధంగానూ భంగం కాదని నా నమ్మకం.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది గర్భిణుల విషయం. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసిన థైరాయిడ్ హార్మోను తల్లి నుంచే అందాలి. అందువల్ల అంతకుముందు నుంచే మాత్ర వాడుతున్న స్త్రీలకు గర్భం నిలవగానే మోతాదు సాధారణంగా నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు పెంచవలసి వస్తుంది. సగం నెలలు నిండేవరకు నాలుగు వారాలకోసారి పరీక్ష అవసరం. కాన్పు అయ్యాక చాలామందికి తిరిగి పాత మోతాదుకు తగ్గిస్తారు. నెల తప్పిన వెంటనే వైద్యులకు చెప్పాలి కానీ, మూడో నెల దాటాక చూపించుకుందామని ఆగకూడదు. ప్రభుత్వం గర్భిణులకు ఐరన్, కాల్షియం మాత్రలు ఉచితంగా అందించడం ఎంతో మంచి పని. వాటిని ఇచ్చేటప్పుడే ‘మీరు థైరాయిడ్ మాత్ర వాడుతున్నారా?’ అని ఒక్క ప్రశ్న అడిగి, నాలుగు గంటల ఎడం గురించి చెబితే, నాకు జరిగినది ఆ తల్లులకు జరగదు. మన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఈ ప్రశ్న అడిగేలా తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్య ఆరోగ్య శాఖ అధికారులు ఆదేశించాలని కోరుతున్నాను.

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల జబ్బుల) విభాగం ఉండడం మనకు పెద్ద అండ. అయితే చంద్రగిరి, పుత్తూరు, పలమనేరు వంటి ఊళ్ల నుంచి ప్రతి మోతాదు మార్పుకూ అంతదూరం రావడం అందరికీ కుదరదు. కాబట్టి ఎక్కడ రాసినా సరే, వైద్యులు మందుల చీటీ మీద మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, దేనికి ఎడంగా వేసుకోవాలో, మళ్లీ టీఎస్‌హెచ్ ఏ తేదీన చేయించాలో తెలుగులో రాసి ఇవ్వాలని, మందుల దుకాణాలవారు మాత్ర కంపెనీనిగానీ మైక్రోగ్రాముల మోతాదునుగానీ మార్చి ఇచ్చినప్పుడు ఆ మాట నోటితో చెప్పాలని మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి.