క్షమ కోసం ళ తర్వాత వెతికితే

చి. తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఆదివారం ఫోన్ చెయ్యలేదని అమ్మ అలిగిందట. ఆ రోజు నాన్న ఫోన్ చేస్తే "డేటాబేస్‌లో కరప్షన్, తర్వాత మాట్లాడతా" అని పెట్టేశాను. "ఎవరు తిన్నారే?" అని ఆయన అడగడం వినిపించింది గానీ, నవ్వే ఓపిక కూడా లేదప్పుడు. వాళ్లిద్దరికీ నువ్వే ఏదో సర్ది చెప్పు. వచ్చే నెల నుంచి ప్రొడక్షన్ సర్వర్ నీ చేతికిస్తారన్నావు కదా, అందుకని నీకు మాత్రం అంతా రాస్తున్నాను.

మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 13. పాత లినక్స్ మీద ఉన్నదాన్ని కొత్త లినక్స్‌కి మార్చాం. కొత్త మెషీన్ మీద స్టాండ్‌బై, అంటే పాతదాన్ని ఎప్పటికప్పుడు నకలు చేసుకునే సర్వర్, పెట్టి, అది పాతదాన్ని అందుకోగానే దాన్నే ప్రైమరీ (అసలు సర్వర్) చేశాం. ఎవరికీ తెలియను కూడా తెలియలేదు, మా వీపు మేమే తట్టుకున్నాం. మూడు వారాలకి ఒకటీ అరా ఫిర్యాదులు మొదలయ్యాయి: లాగిన్ పేరు కొడితే అలాంటి ఖాతా లేదంటోందని. పేరు తప్పు కొడుతున్నారేమో చూసుకోమని సపోర్ట్ వాళ్ల చేత జవాబు రాయించింది నేనే. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది.

ఆదివారం మళ్లీ అదే ఫిర్యాదు వస్తే నేనే క్వెరీ కొట్టాను. లాగిన్ పేరుతో వెతికితే సున్నా వరుసలు (రికార్డులు). ఖాతా నంబరుతో వెతికితే మనిషి నిక్షేపంగా ఉంది, అదే పేరుతో, అక్షరం తేడా లేకుండా. ఇండెక్స్ అంటే పుస్తకం చివరి పదసూచిక లాంటిది. అప్పుడు నా సెషన్ వరకు దాన్ని వాడే ఇండెక్స్ స్కాన్, ఇండెక్స్ ఓన్లీ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్ మూడూ ఆపేసి, టేబుల్ మొత్తం చదివేలా మొదటి క్వెరీనే మళ్లీ కొట్టాను. ఈసారి రెండు వరుసలొచ్చాయి. ఒకటి కాదురా, రెండు. ఒకే విలువ రెండోసారి పడనివ్వని యూనిక్ ఇండెక్స్ ఉన్న కాలమ్‌లో! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

డిస్క్ పోయిందేమోనన్నది మొదటి అనుమానం. కెర్నల్ లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. డిస్క్ మీది డేటా పేజీలకు చెక్‌సమ్‌లు మొదటి నుంచీ పెట్టుకున్నాం, అవీ అన్నీ సరిపోయాయి. సరిపోక ఏం చేస్తాయి? రాసింది రాసినట్టే ఉందా అన్నదే చెక్‌సమ్ చూస్తుంది, రాసింది సరైన క్రమంలో ఉందా అన్నది దాని పని కాదు. ఆ పనికి యామ్‌చెక్ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది. అందులో బీటీ ఇండెక్స్ చెక్ అనే ఫంక్షన్‌ను రన్నింగ్‌లో ఉన్న సర్వర్ మీదే నడపొచ్చు, చదవడాన్నీ రాయడాన్నీ ఆపదు. దాని అన్న పేరెంట్ చెక్ మాత్రం రాతలను ఆపేస్తుంది, పగటిపూట దాని జోలికి పోకు. చెక్ నడిపిన నిమిషానికే ఆ ఇండెక్స్‌లో వరుస క్రమం తప్పిందని ఎర్రర్ ఇచ్చింది.

క్రమం ఎలా తప్పుతుందంటావా? అక్షరాలు దిద్దేటప్పుడు మనం క్ష ని ళ తర్వాత నేర్చుకున్నాం. నిఘంటువు తెరిస్తే 'క్షమ' క లోనే ఉంటుంది. ఇది తెలియనివాడు ళ దాటి చివరికెళ్లి వెతుకుతాడు, కనబడదు, ఈ పుస్తకంలో ఆ మాటే లేదంటాడు. కొత్త మాటలు చేర్చే పని కూడా వాడికే అప్పగించావనుకో, 'క్షమ'ని తీసుకెళ్లి చివర ఇంకోసారి రాస్తాడు. పుస్తకంలో ఒక్క కాగితం చిరగలేదు, ఒక్క అక్షరం చెరగలేదు. ఇప్పుడు ఆ మాట రెండు చోట్ల ఉంది.

మాకు జరిగింది అచ్చంగా ఇదే. ఏ అక్షరం ముందు, ఏది వెనక అన్నది పోస్ట్‌గ్రెస్ సాధారణంగా లినక్స్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీని అడిగి తెలుసుకుంటుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఆ క్రమం చాలా చోట్ల మారిపోయింది. పాత మెషీన్ ఇంకా తీసెయ్యలేదు కాబట్టి రెండింటిలోనూ సార్ట్ కమాండ్‌కు రెండే లైన్లు ఇచ్చి చూశాను: 1-1, 11. అమెరికన్ ఇంగ్లీష్ లొకేల్ (భాషా అమరిక)లో పాతది 11ని ముందు పెట్టింది, కొత్తది 1-1ని. స్టాండ్‌బై అంటే పేజీలను ఉన్నవున్నట్టు తెచ్చుకునేదే కదా, ఇండెక్స్ పాత క్రమంలోనే వచ్చింది. దాన్ని చదివేవాడికి మాత్రం కొత్త క్రమమే తెలుసు. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేస్ తన కొలేషన్ (అక్షర క్రమం) వెర్షన్ రాసిపెట్టుకుని, తేడా వస్తే కనెక్ట్ అవగానే వార్నింగ్ ఇస్తుంది. మా 13కి ఆ నోరు లేదు.

కారణం దొరికిందన్న సంబరంలో తప్పు చేశాను. నకలు తీసుకోకుండానే, సైట్ ఆపకుండా ఇండెక్స్‌ను తిరగకట్టే రీఇండెక్స్ కంకరెంట్లీ కొట్టేశాను. డూప్లికేట్లున్న చోట యూనిక్ ఇండెక్స్ కట్టలేనని అది ఆగిపోయి, పేరు చివర సీసీన్యూ అని తగిలించిన చెల్లని ఇండెక్స్‌ను వదిలి వెళ్లింది. దాన్ని డ్రాప్ చేశాను, నష్టమేమీ లేదు. కానీ అది నా అదృష్టం. పాడైంది ఇండెక్స్ కాకుండా టేబుల్ అయి ఉంటే? లాగ్‌లో ఫలానా బ్లాక్‌లో చెల్లని పేజీ అని కనబడితే పోయేది అసలు డేటా, 8 కేబీ పేజీలో ఉన్న వరుసలన్నీ. అప్పుడు ఎవరో ఒకరు, పాడైన పేజీని ఖాళీ చేసేసే జీరో డ్యామేజ్డ్ పేజెస్ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యమంటారు. ఎర్రర్ పోతుంది నిజమే, ఆ పేజీలో మిగిలి ఉన్న మంచి వరుసలు కూడా దాంతోనే పోతాయి. లావాదేవీల లాగ్‌నే చెరిపేసే పీజీ రీసెట్‌వాల్ అంతకన్నా ప్రమాదం. అలాంటప్పుడు సర్వర్ ఆపి, డేటా డైరెక్టరీ మొత్తం ఇంకో డిస్క్ మీదికి కాపీ చేసి, ప్రయోగాలన్నీ ఆ కాపీ మీదే చెయ్యి. ఎవరెంత తొందరపెట్టినా సరే.

బ్యాకప్ రీస్టోర్ చేసేద్దామని మా మేనేజర్ అన్నాడు. మూడు వారాల్లో తీసిన బ్యాకప్‌లన్నిటిలోనూ ఇదే ఇండెక్స్ ఉంది. అంతకు ముందుది తెస్తే మూడు వారాల లావాదేవీలు పోతాయి. ఇది చెప్పడానికి పది నిమిషాలు, ఆయన ఒప్పుకోడానికి గంట.

చివరికి కొత్త ఖాతాల నమోదు ఒక్కటే ఆపి, మిగతా సైట్‌ను నడవనిచ్చాం. అక్షరాలున్న కాలమ్‌ల మీది ఇండెక్స్‌ల జాబితా తీశాను. యూనిక్ కానివాటిని కంకరెంట్లీ ఒకదాని తర్వాత ఒకటి తిరగకట్టాను, పేచీ పెట్టలేదు. నంబర్ల మీది ఇండెక్స్‌లకి ఈ జబ్బు అంటదు. ఒక టేబుల్‌ను ఇంకోదానితో ముడిపెట్టే ఫారిన్ కీలన్నీ నంబర్ల మీదే ఉండబట్టి బతికాం. ఇండెక్స్ స్కాన్లు ఆపిన సెషన్‌లోనే లాగిన్ పేర్ల మీద గ్రూప్ బై కొడితే ఒకే పేరున్న వరుసలు 61 జతలు తేలాయి.

నేనిక్కడే మూడు రోజులు కూరుకుపోయాను. జతలో పాత వరుసను ఉంచి, కొత్తదాని ఆర్డర్లను పాత నంబరుకు మార్చే స్క్రిప్ట్ అరగంటలో రాసేశాను. నడిపే ముందు ఎందుకో పది జతలు చేత్తో చూశాను. ఎక్కువమంది తమ ఖాతా కనబడక మళ్లీ నమోదు చేసుకున్నవాళ్లే. ఒక జతలో మాత్రం ఇద్దరూ వేరే మనుషులు! రెండో ఆయన ఏదో పేరు అడిగితే, ఖాళీగా ఉంది తీసుకో అని మా డేటాబేసే చెప్పింది. ఆ స్క్రిప్ట్ నడిపి ఉంటే ఒకరి ఆర్డర్లు, చిరునామాలు ఇంకొకరి ఖాతాలో పడేవి. మొత్తం 61 జతలూ కళ్లతో చూశాను. అలాంటివి నాలుగు. కలిపిన జతల్లో తీసేసిన వరుసలను కూడా డిలీట్ చేసి ఊరుకోలేదు, ముందు వేరే టేబుల్‌లో దాచాను.

ఆ నలుగురికీ వేరే పేరు ఎంచుకోమని రాశాం. ముగ్గురు మార్చుకున్నారు. నాలుగో ఆయన, నాకు మీరే ఇచ్చారు కాబట్టి ఈ పేరు నాదేనంటున్నాడు. తప్పంటావా? ప్రస్తుతానికి ఆయన పేరు చివర మేమే ఒక అంకె తగిలించి, బతిమాలుతూ ఉత్తరం రాసి, బుధవారం రాత్రి యూనిక్ ఇండెక్స్ తిరగకట్టాం. లాగిన్ పేర్లకి నిఘంటువు క్రమంతో పనేముంది గనక, ఆ కాలమ్‌ను సీ కొలేషన్‌కి మార్చే పని వచ్చే వారానికి పెట్టుకున్నాను. అందులో బైట్ల వరుస తప్ప ఇంకేమీ ఉండదు.

మీ వాళ్లు కూడా ఈ మధ్య లినక్స్ మార్చారని అన్నట్టున్నావు. ఆ సార్ట్ పరీక్ష రెండు నిమిషాల పని, రేపే చేసి నాకు రాయి. అమ్మతో ఈ ఆదివారం తప్పకుండా మాట్లాడతానని చెప్పు.

అక్క