దెబ్బ తగిలాక పదేళ్లు

విశాఖపట్నం

చిన్నీ,

ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అక్కడికక్కడ జవాబు చెప్పాలనిపించలేదు. అది నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. మీ గైడ్ గారు వాల్యూ ఆఫ్ స్టాటిస్టికల్ లైఫ్ మీద, అంటే ప్రాణాపాయాన్ని తగ్గించుకోవడానికి మనుషులు ఎంత డబ్బు వదులుకుంటారన్న లెక్క మీద పీహెచ్‌డీ చెయ్యమంటున్నారు. డేటా రెడీగా ఉందంటున్నారు. నీకేమో పనిలో దెబ్బలు తగిలినవాళ్ల మీద చెయ్యాలని ఉంది, కానీ డేటా లేదని టెన్షన్. "ఇన్నేళ్లూ ఇదే చదివావు, విసుగు రాలేదా అమ్మా?" అని కూడా అడిగావు. రాలేదు. ఎందుకు రాలేదో చెబితే మిగతాదానికీ జవాబు అందులోనే దొరుకుతుంది.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. చదివేటప్పుడు లేబర్ ఎకనామిక్స్ అంటే వేతనాలు, యూనియన్లు, సమ్మెలు. పీహెచ్‌డీ కూడా వేతనాల మీదే మొదలుపెట్టాను. గాజువాక ఆటోనగర్‌లో చిన్న చిన్న షాపుల్లో జీతాలు ఎలా ఉన్నాయో కనుక్కోవడానికి ప్రశ్నావళి పట్టుకుని తిరిగేదాన్ని. రేకుల్ని నొక్కి కోసే పవర్ ప్రెస్‌లున్న షాపుల్లో సంతకం పెట్టమని పెన్ను ఇస్తే చాలామంది రెండు వేళ్ల మధ్య ఇరికించి పట్టుకునేవారు, ఎందుకంటే మూడోది ఉండేది కాదు. నా ప్రశ్నావళిలో వయసుకు, చదువుకు, అనుభవానికి గడులున్నాయి, చేతికి లేదు. మళ్లీ వెళ్లేటప్పుడు చేతికి కూడా ఒక గడి గీసుకుని వెళ్లాను. ఆ తర్వాత నేను రాసినవన్నీ ఆ గడిలోంచి వచ్చినవే.

ముందు చట్టం చదువు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం, దాని చివర ఉన్న షెడ్యూళ్లతో సహా. ఇప్పుడది 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది కానీ లెక్క కట్టే పద్ధతి అదే. మొదటి షెడ్యూల్లో మనిషి ఒంటిని శాతాలుగా పంచి పెట్టారు. బొటనవేలు పోతే 30, చూపుడువేలు మొత్తం పోతే 14, మధ్యవేలు 12, ఉంగరపు వేలో చిటికెన వేలో అయితే 7. కుడిచెయ్యా ఎడమచెయ్యా అన్న తేడా లేదు. వెల్డరా, వాచ్‌మనా అన్న తేడా అసలే లేదు.

ఒకసారి లెక్క వేసి చూడు. ఇ.ఎస్.ఐ., అంటే ప్రభుత్వ కార్మిక బీమా, లేని చిన్న షాపులో ముప్పై ఏళ్ల మనిషికి నెలకు 18,000 వస్తోందనుకో. 2020 జనవరిలో పెట్టిన పరిమితి ప్రకారం లెక్కలోకి తీసుకునే జీతం 15,000 దాటకూడదు కాబట్టి పైన మూడు వేలు పోయినట్టే. 15,000లో 60 శాతం 9,000. వయసును బట్టి హెచ్చవేయాల్సిన గుణకం నాలుగో షెడ్యూల్లో ఉంటుంది, ముప్పై ఏళ్లకు అది 207.98. హెచ్చవేస్తే పూర్తి వైకల్యానికి 18,71,820 రూపాయలు. చూపుడువేలికి అందులో 14 శాతం, అంటే సుమారు 2,62,000. ఇదీ చట్టం ఇమ్మనేది. ఇది కూడా చేతికి అందేది చాలా తక్కువమందికి. తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఆసుపత్రి బిల్లు కట్టి, ఓ ఇరవై వేలో ముప్పై వేలో చేతిలో పెట్టి పంపేయడం నేను చూసినంతలో మామూలు సంగతి.

ఆ శాతాల వెనకున్న తప్పును మన సుప్రీంకోర్టు ఎప్పుడో పట్టుకుంది. పక్కనే ఒడిశా నుంచి వెళ్లిన కేసు అది. ఒక వడ్రంగి పనిలో కింద పడ్డాడు, ఎడమచెయ్యి తీసేయాల్సి వచ్చింది. ఇంకో చెయ్యి ఉంది కదా, సగమే నష్టం కదా అనలేదు కోర్టు. ఒంటిచేత్తో వడ్రంగం చెయ్యలేడు కనుక సంపాదించే శక్తి నూటికి నూరు శాతం పోయినట్టే అంది. 1976లో రిపోర్టయిన తీర్పు. క్లాసులో ఏటా మొదటివారమే చెప్పేదాన్ని. పోయిన చేతిని కాదు, పోయిన పనిని కొలవాలన్న మాట ఎకనామిక్స్ పుస్తకాల కంటే ఆ తీర్పులోనే నాకు సూటిగా దొరికింది.

అయితే పోయిన పనిని కొలవాలంటే దెబ్బ తగిలిన రోజు మాత్రమే చూస్తే సరిపోదు. కంచరపాలెంలో ఒక కుటుంబం గురించి నీ చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడుకునేవాళ్లం, గుర్తుందో లేదో. ఆయన పవర్ ప్రెస్ ఆపరేటర్. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన చెయ్యి చొక్కా జేబులోనే పెట్టుకుని మాట్లాడాడు. టీ గ్లాసు ఎడంచేత్తో తీసుకున్నాడు. మాటల మధ్యలో లోపలికెళ్లి పాలిథిన్ కవరు తెచ్చాడు. అందులో ఎక్స్‌రే, డ్రెస్సింగ్ చీటీలు, మందుల షాపు బిల్లులు, తాకట్టు కొట్టు రసీదు. భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టారు. పరిహారం తాలూకు కాగితం ఒక్కటీ లేదు.

తర్వాత వాళ్లింటికి ఏళ్ల తరబడి వెళుతూనే ఉన్నాను. ఆపరేటర్ పని పోయి హెల్పర్ అయ్యాడు, అదీ పోయి అపార్ట్‌మెంట్‌లో రాత్రి వాచ్‌మన్ అయ్యాడు. ప్రతి మెట్టుకీ జీతం తగ్గింది. భార్య రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి చేరింది. రోజంతా ఐస్‌లో నాని ఆవిడ వేళ్ల చివర్లు పగిలిపోయేవి. ఆవిడ పనిలోకి వెళ్లడంతో పెద్దపిల్ల ఇంటర్ మధ్యలో మానేసి తమ్ముణ్ణి చూసుకుంది. వడ్డీ మాత్రం నెలనెలా కట్టారు. ఇప్పుడు చెప్పు, ఆ దెబ్బ ఖరీదు ఎంత? షెడ్యూల్ ప్రకారం రెండు వేళ్లు 20 శాతం. ఆ పిల్ల చదువు ఏ షెడ్యూల్లో ఉంది?

నా పని అంతా ఈ ప్రశ్నే. సెమినార్లలో దీన్ని కథ అనేవారు, ఎకనామిక్స్ అనేవారు కాదు. శాంపిల్ చిన్నది అని ఒక జర్నల్ వెనక్కి పంపింది. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఎందుకంటే రికార్డులున్న చోట ఇదే ప్రశ్న వేసినవాళ్లకు జవాబు దొరికింది. 1990ల చివర లెస్లీ బోడెన్, మోనికా గలిజ్జి అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు పరిహారం రికార్డులను జీతాల రికార్డులతో కలిపి చూశారు. కాలిఫోర్నియాలో రాబర్ట్ రెవిల్ అయితే దెబ్బ తగిలిన కార్మికుణ్ణి అదే కంపెనీలో అంతకుముందు అంతే జీతం తీసుకుంటున్న, దెబ్బ తగలని తోటి కార్మికుడితో పోల్చాడు. ఏళ్లు గడిచినా ఇద్దరి సంపాదనకీ మధ్య తేడా పూడలేదు. నువ్వు ఈ పేపర్లు తప్పకుండా చదవాలి. పద్ధతి చూడు, ఎంత చక్కగా ఉందో.

మన దగ్గర ఆ రికార్డు లేదు. కాంట్రాక్టు కార్మికుడి పేరు కాంట్రాక్టర్ మారితే మాయమవుతుంది. ఈ ఏడాది ఒకరి గేట్ పాస్ మీద, వచ్చే ఏడాది ఇంకొకరి గేట్ పాస్ మీద అదే ప్లాంటులోకి అదే మనిషి వెళతాడు, కాగితం మీద ఇద్దరు మనుషులు. అందుకే నేను ఇళ్లకు తిరిగాను.

మీ గైడ్ గారి టాపిక్ గురించి. నేను దాన్ని తక్కువ చెయ్యను. ప్రాణాపాయం తగ్గడానికి మనుషులు ఎంత ఇస్తారని ఆర్థికవేత్త షెల్లింగ్ 1968లో వేసిన ప్రశ్న గొప్పది, విస్కుసి జీవితమంతా దాని మీదే పనిచేశాడు, మన దేశంలో షణ్ముగం గారు మద్రాసు ఫ్యాక్టరీ కార్మికుల మీద చేశారు. రిస్కు ఎక్కువున్న పనికి జీతం ఎక్కువుండాలి, ఆ తేడాలోంచి ప్రాణం విలువ బయటికి తియ్యొచ్చు అన్నది ఆలోచన. మూలం ఆడమ్ స్మిత్, 1776. కానీ 1848లోనే జాన్ స్టూవర్ట్ మిల్ అడ్డం తిరిగాడు. నిజంగా ఒళ్లు హూనమయ్యే, ఎవరూ చెయ్యడానికి ఇష్టపడని పనులకే అన్నిటికంటే తక్కువ కూలి ఇస్తున్నారన్నాడు. ఎందుకంటే ఆ పనులు చేసేవాళ్లకు ఇంకో దారి లేదు. పరవాడ ఫార్మా కంపెనీల వైపు వెళ్లి చూడు. రియాక్టర్ లోపలికి దిగి కడిగే కాంట్రాక్టు కుర్రాడికి, కంట్రోల్ రూములో కూర్చున్న పర్మినెంట్ ఉద్యోగికి జీతాలెంతో అడుగు. రిస్కుకు ధర కట్టాలంటే ఆ రిస్కు ఎంతో పని చేసేవాడికి తెలియాలి, వద్దనే స్థోమత ఉండాలి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చినవాడికి రెండూ లేవు. ఆ టాపిక్ తీసుకుంటే ఈ ప్రశ్న మొదటి అధ్యాయంలోనే పెట్టుకో, చివర్లో పరిమితులు అన్న హెడ్డింగు కింద దాచకు.

పరిహారం పెంచితే మనుషులు ఇంట్లోనే కూర్చుంటారన్న మాట కూడా నీకు ఎదురవుతుంది. దానికి ఆధారం ఉంది. కెంటకీ, మిషిగన్‌లలో పరిహారం పరిమితి పెంచాక ఎక్కువ జీతగాళ్లు పనికి తిరిగి రావడానికి తీసుకున్న కాలం పెరిగిందని మేయర్, విస్కుసి, డర్బిన్ 1995లో చూపించారు. కొట్టిపారేయకు. కానీ ఆ అదనపు రోజుల్లో సోమరితనం ఎంత, గాయం పూర్తిగా మానడానికి పట్టినది ఎంత అన్నది వేరే ప్రశ్న. ఇక్కడ నేను చూసింది కట్టు విప్పకుండానే పనిలోకి వచ్చినవాళ్లని.

ఇక డేటా. మన ఊళ్లో పెద్ద ప్రమాదాలు అందరికీ గుర్తే. 1997 రిఫైనరీ మంటలు, 2012 జూన్‌లో స్టీల్ ప్లాంట్ పేలుడు, 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ గ్యాస్, అదే ఏడాది ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేన్ కూలి చనిపోయిన 11 మంది, 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా కంపెనీ పేలుడులో చనిపోయిన 17 మంది. వాటికి కమిటీలు వేస్తారు, ప్రకటనలు చేస్తారు, చనిపోయినవాళ్లను లెక్కపెడతారు. గాయపడ్డవాళ్ల సంఖ్య మర్నాడు పేపర్లో వస్తుంది, పదేళ్ల తర్వాత వాళ్లేమయ్యారో రాదు. వేలు తెగిన మనిషైతే మర్నాటి పేపర్లో కూడా ఉండడు.

పాత ఫ్యాక్టరీల చట్టం ప్రకారమైనా, దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ప్రకారమైనా 48 గంటలు పనిలోకి రాలేకపోయిన గాయాన్ని రిపోర్టు చెయ్యాలి. దానికి విరుగుడు కూడా షాప్‌ఫ్లోర్‌లోనే ఉంది. మర్నాడే ఆటోలో తీసుకొచ్చి స్టోర్ రూములో కుర్చీ వేసి కూర్చోబెడతారు, హాజరు వేస్తారు. ఆ ఫ్యాక్టరీలో ప్రమాదం జరగనట్టే. గాయాలు తగ్గుతున్నాయని ఏ పట్టికైనా చూపిస్తే ముందు ఈ కుర్చీ గురించి ఆలోచించు.

అందుకని డేటా లేదని వదిలెయ్యక్కర్లేదు. చెరువులో చేపలెన్నో తెలియాలంటే కొన్నింటిని పట్టి గుర్తు పెట్టి వదులుతారు, మళ్లీ వల వేసి గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూస్తారు. అదే లెక్క గాయాలకూ పనికొస్తుంది. బోడెన్, ఓజోనాఫ్ 2008లో అలాగే రెండు రికార్డుల్లో ఉన్న కేసులను జతపరిచి, రెండింటికీ చిక్కనివి ఎన్నో అంచనా కట్టారు. ఇక్కడ ఆసుపత్రి క్యాజువాలిటీ రిజిస్టరు ఒక జాబితా, లేబర్ ఆఫీసులో పరిహారం ఫైళ్లు రెండోది, ఇ.ఎస్.ఐ. ప్రమాద రిపోర్టులు మూడోది. రెండేసి జాబితాల్లో ఒకే మనిషి ఎన్నిసార్లు కనిపిస్తాడో చూస్తే ఎక్కడా కనిపించనివాళ్ల సంఖ్య కొంతైనా తెలుస్తుంది. ఒక జాబితాలోకి ఎక్కినవాడు రెండోదాంట్లోకీ ఎక్కే అవకాశం ఎక్కువైతే అంచనా తక్కువ వస్తుంది, ఆ జాగ్రత్త తీసుకోవాలి. అనుమతుల కోసం తిరగాలి, కుర్చీల్లో కూర్చోవాలి, రేపు రమ్మంటారు. ఆ తిరుగుడు నీకు నచ్చకపోతే ఈ టాపిక్ వద్దు, నిజంగానే చెబుతున్నాను. నచ్చితే మాత్రం దేశంలో ఈ పని సరిగ్గా చేసినవాళ్లు చాలా తక్కువమంది.

నా మాట అడిగావు కాబట్టి చెబుతున్నా, ఇదే తీసుకో. మీ గైడ్ గారిని కాదన్నట్టు కాకుండా అడుగు: ప్రాణం విలువ ఒక అధ్యాయం, గాయం తర్వాతి సంపాదన మూడు అధ్యాయాలు. ఆయన లేబర్ మనిషే కదా, వింటారు.

నా ఇంటర్వ్యూల కాగితాలు పై గదిలో ఇనుప బీరువాలో ఉన్నాయి. నాన్న చెదలు పట్టకుండా మందు కొట్టించారు. పేర్లు వేరే నోటుబుక్కులో ఉన్నాయి, అది మాత్రం ఎవరికీ ఇవ్వను, నీకు కూడా. మళ్లీ మాట్లాడటానికి ఎవరెవరు ఒప్పుకుంటారో నేనే వెళ్లి అడుగుతాను. ఒప్పుకున్నవాళ్ల దగ్గరికి ఇద్దరం కలిసి వెళదాం. సెలవులకు వచ్చేలోపు షెడ్యూల్ ఒకటి, నాలుగు చదివి రా, నలభై ఏళ్ల వెల్డర్‌కి బొటనవేలు పోతే ఎంత వస్తుందో లెక్క కట్టి వాట్సాప్‌లో పెట్టు. టికెట్లు తత్కాల్ దాకా లాగకు.

అమ్మ