మార్చి కేజన్ టూర్ మధ్యలో ఎందుకు ఆపామంటే

మనవాళ్ళందరికీ నమస్కారం.

మార్చిలో మా ఆయనా నేనూ నడిపే మన కేజన్ సైకిల్ టూర్ నాలుగు రోజులు జరగాల్సింది. మూడో రోజు పొద్దున న్యూ ఐబీరియాలో ఆపేశాం. వచ్చిన 14 మందికీ కారణం అక్కడే చెప్పాను. రానివాళ్ళ దగ్గరికి మాత్రం కథ వేరేగా చేరింది. ఒక పెద్దాయన ట్రక్కు కింద పడ్డారని, మేం సైకిళ్ళ దగ్గర కక్కుర్తి పడ్డామని అంటున్నారట. ట్రక్కేమీ తగల్లేదు. కక్కుర్తీ పడలేదు. ఇన్నేళ్ళుగా మమ్మల్ని నమ్మి వస్తున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. హ్యూస్టన్ నుంచి ఐ-10 మీద మూడున్నర గంటలు తూర్పుకి వెళ్తే లూసియానాలో లాఫయెట్ వస్తుంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళదే కేజన్ కంట్రీ. మన దారి చాలావరకు బయూ టెష్ అనే కాలువ లాంటి ఏటి పక్కనే సాగుతుంది. కొన్ని వేల ఏళ్ళ కిందట మిసిసిపి అటే పారేది. నది దారి మార్చుకుంది, ఈ ఏరు మిగిలింది. పాత నది పోసిన ఒండ్రు గట్టు మీదే ఊళ్ళూ రోడ్డూ ఉన్నాయి. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క చెరుకు తోటలు. నేను కోనసీమలో కాలువ గట్టున పెరిగినదాన్ని. మొదటిసారి అక్కడ సైకిల్ తొక్కినప్పుడు కాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. ఈ టూర్ పుట్టింది ఆ రోజే.

ఇక సైకిళ్ళ సంగతి. మొదటి నుంచీ ఒకే దుకాణంలో అద్దెకు తీసుకుంటున్నాం. అద్దె తక్కువని కాదు, పాత యజమాని ప్రతి సైకిల్‌నీ తనే తొక్కి చూసి పంపేవాడు. కిందటేడాది ఆ దుకాణం చేతులు మారింది. కొత్తవాళ్ళని డిసెంబర్‌లోనే అడిగాను, టైర్లు ఎలా ఉన్నాయని. చూస్తామన్నారు. ఫిబ్రవరిలో మళ్ళీ అడిగాను. టూర్‌కి రెండు వారాల ముందు, టైర్లన్నీ కొత్తవి వేశామని మెసేజ్ పెట్టారు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలీదు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి రావాల్సిన సైకిళ్ళ ట్రైలర్ రాత్రి పదింటికి లాఫయెట్ పక్కనున్న బ్రో బ్రిడ్జ్ అనే ఊరు చేరింది. మా ఆయనా నేనూ ఒంటిగంట దాకా బ్రేకులు చూశాం, చైన్లకి నూనె వేశాం, గాలి కొట్టాం. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. టార్చ్ వేసి పక్కల నుంచి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. అది నా తప్పే, ఇంకొకరి మీద పెట్టను.

గురువారం లేక్ మార్టిన్ చుట్టూ తిరిగాం. కొంగలూ మొసళ్ళూ కనిపించాయి, ఒక్క పంక్చర్ అయింది. మామూలే అనుకున్నాం. శుక్రవారం సెయింట్ మార్టిన్‌విల్ చేరేలోపే నాలుగు పంక్చర్లయ్యాయి. అక్కడ ఏటి ఒడ్డున ఇవాంజలిన్ ఓక్ అనే పెద్ద చెట్టు ఉంది. 1755 నుంచి బ్రిటిష్ వాళ్ళు ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియాలో స్థిరపడ్డ, ఫ్రెంచ్ మాట్లాడే అకేడియన్లని ఊళ్ళు ఖాళీ చేయించి ఓడలెక్కించారు. చెల్లాచెదురైన వాళ్ళలో కొందరు చివరికి ఈ నేల మీదికి చేరారు. అకేడియన్ అన్న మాటే నలిగి కేజన్ అయింది. ఏటా ఆ చెట్టు కింద కూర్చోబెట్టి ఈ కథ చెప్తాను. టూర్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అరగంట అది. ఈసారి ఆ అరగంటా చేతులు నల్లగా చేసుకుని ట్యూబులకి ప్యాచ్‌లు వేస్తూ కూర్చున్నాను.

అక్కడే ఒక టైరు విప్పి వెలుతుర్లో పట్టుకున్నాను. నేలకి ఆనే భాగం బాగానే ఉంది. పక్కల మీద వెంట్రుకంత సన్నటి గీతలు. బొటనవేలితో నొక్కితే ఆ గీతలు నోళ్ళు తెరిచాయి, లోపలి దారప్పోగులు బయటపడ్డాయి. పైన పూసిన పాలిష్ నా వేలికంటింది. ఎండలో ఏళ్ళ తరబడి ఉన్న రబ్బరు అలాగే అవుతుంది. అవి కొత్త టైర్లు కావు. డాలర్ నోటు మడిచి పగులు దగ్గర లోపలివైపు పెట్టి మళ్ళీ గాలి కొట్టాం. సైకిల్ తొక్కేవాళ్ళకి తెలిసిన చిట్కానే, కానీ ఏదో కొద్ది దూరానికి పనికొస్తుంది, అంతే.

అప్పుడే వ్యాన్ ఎక్కించేసి ఉండాల్సింది. న్యూ ఐబీరియా ఇంకో పది మైళ్ళే కదా అనుకున్నాను. ఆ పది మైళ్ళలో మనవాళ్ళు పెదనాన్నగారని పిలుచుకునే పెద్దాయన ముందు టైరు ఢామ్మని పేలింది. ఆయన గడ్డిలోకి పడ్డారు. మోచెయ్యి దోక్కుపోయింది, మణికట్టు వాచింది. ఎక్స్‌రే తీయించాం, ఎముక విరగలేదు. క్లినిక్‌లో కూర్చుని ఆయనే నాకు ధైర్యం చెప్తున్నారు, "ఏం కాలేదమ్మా, నువ్వు మంచినీళ్ళు తాగు" అని.

ఆ సాయంత్రం 14 సైకిళ్ళూ వరసగా నిలబెట్టి చూస్తే ఎనిమిదింటికి పగుళ్ళు. దుకాణానికి ఫోన్ చేస్తే పంక్చర్లు సహజమన్నారు, శనివారం మధ్యాహ్నానికి ట్యూబులు పంపిస్తామన్నారు. నేను అడిగింది టైర్ల గురించి. లాఫయెట్‌లో నాలుగు షాపులకి ఫోన్ చేశాను, ఆ సైజులో అన్ని టైర్లు ఎక్కడా లేవు. బాగున్న ఆరింటినీ వంతులవారీగా తొక్కుదామని కొందరు, నెమ్మదిగా వెళ్దాం, ఏం కాదక్కా అని ఇంకొందరు. మా ఆయన మాత్రం రాత్రి ఎనిమిది గంటలకే ఆపేద్దాం అన్నాడు. నేను రాత్రి రెండింటి దాకా ఒప్పుకోలేదు.

ఎందుకు ఒప్పుకోలేదో కూడా చెప్పాలి. 2023 ఎండలకి చెరువులెండి, 2024లో అక్కడివాళ్ళు ఇష్టంగా తినే, రొయ్యల్లాంటి క్రాఫిష్ దొరక్క గవర్నరే విపత్తు ప్రకటించిన సీజన్‌లో కూడా మనం టూర్ ఆపలేదు. వానలో ఆపలేదు. మనం మొదలుపెట్టింది పూర్తి చేస్తాం అన్న పట్టుదల నాది. పైగా ఒక జంట ఏడాదికి మిగిలిన ఆఖరి సెలవులు పెట్టుకుని వచ్చారు, వాళ్ళ మొహం ఎలా చూడాలి? కానీ మర్నాటి దారి ఏవరీ ఐలండ్ వైపు, అబ్బెవిల్ వైపు. కార్లు జోరుగా పోయే రోడ్లు. కళ్ళు మూసుకుంటే పేలిన టైరు చప్పుడే వినిపించింది. ఈసారి రోడ్డు వైపు పడితే? పొద్దున ఆరింటికి అందరికీ చెప్పేశాను, సైకిళ్ళు కదలవని.

శనివారం అందరినీ వ్యాన్లలో యూనిస్ అనే ఊరికి తీసుకెళ్ళాం. ఊళ్ళో వాళ్ళు అకార్డియన్లూ ఫిడేళ్ళూ పట్టుకొచ్చి కలిసి వాయించే చోట కూర్చున్నాం. చాలామంది సంతోషంగానే ఉన్నారు. తిరుగు ప్రయాణంలో వెనక సీట్లోంచి ఒక మాట వినపడింది, "మనవాళ్ళు పెట్టే టూర్లు ఇంతే" అని. అన్నవాళ్ళ మీద కోపం లేదు. కానీ ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. తెలుగువాళ్ళం చేస్తున్నాం కాబట్టే ప్రతి నట్టూ రెండుసార్లు బిగించిన మనుషులం మేం.

వచ్చిన అందరికీ సగం డబ్బు ఏప్రిల్‌లోనే వెనక్కి పంపాం. పెదనాన్నగారికి మొత్తం పంపితే సగం తిప్పి పంపారు. దుకాణం నుంచి మాకు పైసా రాలేదు, ఆ తగాదా మేం చూసుకుంటాం, మీ మీద పడదు.

ఇకపై అద్దె సైకిళ్ళు వాడం. మా సొంతానికి 12 కొన్నాం, గ్యారేజీలో కారు బయటికి పోయింది. అందులో రెండు స్పేర్, కాబట్టి ఇకనుంచి గ్రూపు పది మందే. ఫీజు 895 నుంచి 990 డాలర్లయింది. అంతకన్నా తగ్గించలేను, అడగొద్దు. అక్టోబర్ టూర్ మానేస్తున్నాం. అది చెరుకు నరికే కాలం, మిల్లులకెళ్ళే ట్రక్కులూ రోడ్డు మీద రాలిన బురదా ఉంటాయి. రెండేళ్ళుగా మనసులో ఉన్న భయమే, ఇప్పుడు తీర్మానించుకున్నాను. భోజనం, బస మామూలే, శాకాహారులకి ఎప్పటిలాగే విడిగా.

టెక్సాస్‌లోనే ఏదో ఒక చోట పెట్టుకోవచ్చు కదా, అంత దూరం ఎందుకని చాలామంది చెప్పారు. వద్దు. నేను ఆ ఏటి పక్కకే వెళ్తాను.

టూర్ మళ్ళీ వచ్చే ఏప్రిల్ రెండో వారంలో. మార్చి గ్రూపులో వాళ్ళకి మొదటి పిలుపు, వాళ్ళకి పాత ఫీజే. పెదనాన్నగారు ఇప్పటికే పేరిచ్చారు. సైకిళ్ళు ముందే చూసుకోవాలనుకుంటే శనివారాలు పొద్దున తొమ్మిది నుంచి గ్యారేజీ తెరిచే ఉంటుంది. వచ్చి టైర్లు మీ చేత్తో నొక్కి చూడండి.