బాలామృతం ప్యాకెట్‌తో పాటు వారానికో గంట

సంపాదకుల వారికి,

తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం (పోషకాహార పొడి) ప్యాకెట్, 16 గుడ్లు ఇస్తున్నారు. గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలో పెట్టే ఆరోగ్యలక్ష్మి భోజనానికి వచ్చే బాలింత, బిడ్డకు ఆరు నెలలు దాటాక రావడం మానేస్తుంది. ఆ బిడ్డ మళ్లీ రోజూ కేంద్రానికొచ్చేది మూడేళ్లకే. మాట, నడక, ఆలోచన అన్నీ మొదలయ్యే ఆ రెండున్నరేళ్లలో టీచర్‌కూ తల్లికీ మధ్య మిగిలేది బరువు తూచడం, రిజిస్టర్‌లో సంతకం. కేంద్ర ప్రభుత్వం 2024లో విడుదల చేసిన ‘నవచేతన’ అనే మార్గదర్శకంలో ఈ వయసు పిల్లల కోసం 140 ఆటపాటలున్నాయి. కాబట్టి ఆటలకు కొరత లేదు. అవి తల్లుల దగ్గరికి ఎన్నాళ్లకోసారి, ఏ పద్ధతిలో చేరతాయన్న దగ్గరే అంతా ఉంది. ప్యాకెట్‌తో పాటు వారానికో గంట కేంద్రంలో తల్లుల చేత పిల్లలను ఆడించాలన్నది మా సూచన.

జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986-87లో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పసివాళ్లతో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. కొందరికి వారానికో కిలో పాల ఆహారం ఇచ్చారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్త వారానికో గంట వెళ్లి, బిడ్డను ఎలా ఆడించాలో తల్లి చేత చేయించింది. కొందరికి రెండూ అందాయి, కొందరికి ఏదీ లేదు. రెండేళ్లపాటు నడిచిందిది. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆట అందినవారి సంపాదన అందనివారికన్నా 25 శాతం ఎక్కువగా ఉంది. ఆహారం మాత్రమే అందినవారిలో అలాంటి మేలు నిలవలేదు. బాలామృతం దండగని దీనర్థం కాదు, ఆకలితో ఉన్న బిడ్డ ఆడదు. ప్యాకెట్ ఒక్కటే చాలదన్నది మాత్రం తేలింది.

మన అధికారులు చూడాల్సిన అధ్యయనం ఇంకోటి ఉంది, 1989లో వచ్చింది, జమైకాదే. ఇంటికి వెళ్లడం నెలకోసారైతే ఫలితం దాదాపు శూన్యం. పదిహేను రోజులకోసారైతే కొద్దిపాటి మేలు. వారం వారం వెళ్లినప్పుడే స్పష్టమైన తేడా. ప్యాకెట్లు పంచే రోజునే తల్లులను అరగంట కూర్చోబెట్టి, ఫొటో తీసి అప్‌లోడ్ చేస్తే పని అయిపోయిందనుకునేవారికి ఈ ఒక్క ఫలితం చాలు.

వారం వారం ఇల్లిల్లూ తిరగడం టీచర్ వల్ల కాదు, నిజమే. ఒడిశాలో 192 పల్లెల్లో చేసిన అధ్యయనం (2020) దీనికి దారి చూపింది. ఏడెనిమిది మంది తల్లులను పిల్లలతో సహా ఒకచోట కూర్చోబెట్టినా, ఇంటికెళ్లి చేసినంత ఫలితమూ వచ్చింది. ఖర్చు మూడో వంతుకు లోపే.

కేంద్రంలో వారానికోసారి పెట్టే ఆ గంట ఎలా గడవాలి? పోయిన వారం నేర్పిన ఆటను ముందు తల్లి చేసి చూపించాలి. ‘ఆడించావా?’ అని అడిగితే అందరూ ఆడించామనే అంటారు, చేసి చూపమంటే అసలు సంగతి తెలుస్తుంది. తర్వాత ఒక పాట, ఒక కొత్త ఆట, ఒక బొమ్మల పుస్తకం. ఏడాది లోపు బిడ్డకు గిన్నెలో వస్తువులు వేసి తీయడం చాలు. ఏడాది దాటాక ఒకదాంట్లో ఒకటి పట్టే గిన్నెలు, ఏడాదిన్నరకు అట్ట మీది బొమ్మను రెండుగా కోసి, కలపమని ఇవ్వాలి. బిడ్డ చేయలేనిది ఇస్తే విసిరేస్తుంది, తల్లి విసుక్కుంటుంది, ఆ ఆట అక్కడితో సరి. అప్పుడు ఒక మెట్టు దిగి మళ్లీ మొదలుపెట్టాలి. చివర్లో బొమ్మ ఇంటికి పంపి, వచ్చే వారం తెచ్చాక మార్చివ్వాలి. బొమ్మలు పాడవుతాయని బీరువాలో పెట్టి తాళం వేసే కేంద్రంలో ఈ పథకం లేనట్టే లెక్క.

బొమ్మలన్నీ ఖాళీ సీసాలు, అట్టపెట్టెలు, పాత గుడ్డలతోనే తయారవుతాయి. జాగ్రత్త మాత్రం తప్పదు. నాలుగు సెంటీమీటర్ల కన్నా చిన్న ముక్కను మూడేళ్ల లోపు బిడ్డ చేతికివ్వకూడదు. నీళ్ల సీసా మూత అంతకన్నా చిన్నదే, గొంతుకు అడ్డం పడుతుంది. లాగుడు బొమ్మకు కట్టే తాడు జాన దాటకూడదు. గిలక్కాయగా వాడే సీసా మూతను గట్టిగా అంటించి, వారానికోసారి లాగి చూడాలి.

ఈ గంట ఎక్కువగా చెడిపోయేది టీచరే బిడ్డను ఆడిస్తూ, తల్లి పక్కన కూర్చుని చూస్తున్నప్పుడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఇంటికెళ్లాక ఏమీ మిగలదు. టీచర్ ఒక్కసారి చూపి, బొమ్మను తల్లి చేతికిచ్చి వెనక్కి జరగాలి. తల్లి చేసిన పనిని పేరుపెట్టి మెచ్చుకోవాలి: ‘వాడు చూపించగానే నువ్వు దాని పేరు చెప్పావమ్మా, అట్లనే చెయ్యి’ అని. పత్తి ఏరే కాలంలో తల్లులు పొద్దున్నే చేలకు పోతారు. ఆ నెలల్లో నానమ్మ వచ్చినా హాజరు వేయాలి, బిడ్డ పగలంతా ఉండేది ఆమె దగ్గరే.

ఒక హెచ్చరిక కూడా ఉంది. కొలంబియాలో ఇలాంటి కార్యక్రమం 18 నెలలు నడిచి మంచి ఫలితమిచ్చింది, ఆపేసిన రెండేళ్లకు ఆ తేడా కనిపించలేదు. అందుకే మూడు నెలల ‘ప్రత్యేక డ్రైవ్’లా దీన్ని పెట్టొద్దు. అన్ని కేంద్రాల్లో ఒకేసారి వద్దు, సెక్టార్‌కు (ఒక సూపర్‌వైజర్ కిందుండే కేంద్రాలన్నీ కలిపి ఒక సెక్టార్) రెండు కేంద్రాల్లో మొదలుపెట్టి రెండేళ్లు ఆపకుండా నడపాలి. ఆ గంటసేపు పెద్ద పిల్లలను ఆయా చూసుకోవాలి, ఆయా పోస్టు ఖాళీగా ఉన్న కేంద్రాన్ని మొదట ఎంచుకోవద్దు. సూపర్‌వైజర్ వచ్చినప్పుడు రిజిస్టర్ కన్నా ముందు ఒక తల్లినీ బిడ్డనూ పది నిమిషాలు గమనించాలి.

ఇట్లు,
పసిపిల్లల ఎదుగుదలపై అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణనిచ్చే కొందరు