ఆటోనగర్ మేస్త్రి గారికి కృతజ్ఞతలు

నాన్న లారీ ఇంజన్‌ని తుక్కుకి వేసేయమన్నారు అందరూ. నాకు మనసొప్పలేదు. టాటా వాళ్లు 1954లో డైమ్లర్ బెంజ్‌తో కలిసి మొదలుపెట్టిన లారీల కాలం నాటిది. పనికొచ్చేవి దాచుకుందామని నేనే విప్పాను, గుర్తులు పెట్టకుండా. ఆరు సిలిండర్ల సామాను రెండు గోనెసంచుల్లో కలగాపులగం అయిపోయింది. ఒకటే టెన్షన్. ఆ సంచులతోనే గాజువాక ఆటోనగర్‌లో మీ షెడ్డుకొచ్చాను.

మీరు చేతిలో పని పక్కనపెట్టి కింద కూర్చున్నారు. పిస్టన్‌ని క్రాంక్ షాఫ్టుకి (ఇంజన్‌లో తిరిగే ఇరుసుకి) కలిపే కనెక్టింగ్ రాడ్డుని కిరసనాయిల్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, సుద్దముక్క రుద్ది, బొటనవేలితో ఒక్కసారి రాశారు. నల్లటి ఇనుము మీద తెల్లగా, గుద్దిన ‘4’ నంబరు తేలింది! "చూశావా బాబూ, రాడ్డు కింద బిగించే క్యాపు మీదా ఇదే నంబరుండాలి. జత మారితే బేరింగు పట్టేస్తుంది" అన్నారు. అలా ఆరు జతలూ కలిపి, తీగతో కట్టి ఇచ్చారు. క్రాంక్ షాఫ్టుని పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాపులు కూడా వరసలో పేర్చారు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

డబ్బులిస్తే నా చెయ్యి మూసేశారు. "మీ నాన్నగారి బండి కదా" అన్నారు, అంతే.

మీకు వేల దండాలు మేస్త్రి గారూ. నాలుగో రాడ్డు మీద ఆ సుద్ద ఇంకా తుడవలేదు.