రాబర్ట్ జాన్సన్ ఎల్పీ కొనేముందు

ఒరేయ్ శీనూ,

అమెరికన్ బ్లూస్ గాయకుడు, గిటారిస్టు రాబర్ట్ జాన్సన్ పాటల ఎల్పీ 'కింగ్ ఆఫ్ ద డెల్టా బ్లూస్ సింగర్స్' ఎక్కడ కనబడితే అక్కడ కొనేస్తానంటున్నావు. కాస్త ఆగరా బాబూ. ఆ అట్టతో వచ్చినవన్నీ ఒకటి కాదు.

జాన్సన్ మైకు ముందు కూర్చున్నది మొత్తం ఐదు రోజులు. 1936 నవంబరు 23, 26, 27 తేదీల్లో శాన్ ఆంటోనియోలోని గంటర్ హోటల్లో, 1937 జూన్ 19, 20 తేదీల్లో డాలస్‌లో. ఏఆర్‌సీ అనే రికార్డుల కంపెనీ తరఫున డాన్ లా రికార్డు చేయించాడు. పాటలు 29. ప్లేటు చెడిపోతే ఇంకోటి ఉండాలని చాలా పాటలు రెండేసిసార్లు పాడించారు. ఒక్కోసారి పాడించినదాన్ని టేకు అంటారు. తిరకాసంతా ఆ రెండో టేకులతోనే.

1938లో సీబీయస్ అనే రేడియో సంస్థ ఏఆర్‌సీని కొనడంతో ఆ సరుకు దాని రికార్డుల కంపెనీ కొలంబియా చేతికొచ్చింది. 1961లో కొలంబియా నిర్మాత జాన్ హామండ్ పట్టుబట్టడం, ఫ్రాంక్ డ్రిగ్స్ 16 పాటలు ఏర్చికూర్చడం వల్ల ఈ ఎల్పీ పుట్టింది. అప్పటికి మనిషి ఫొటో లేదు, అందుకే అట్టమీద బొమ్మ గీయించారు. అందులో 'క్రాస్ రోడ్ బ్లూస్' ఉంది చూడు, అది 1937లో జనం కొన్న 78 రికార్డులోది (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు ప్లేటు) కాదు. అది రెండో టేకు. కాస్త నెమ్మది, ఒక చరణం తక్కువ. ఎల్పీ విని గిటార్ నేర్చుకున్నవాళ్లంతా నేర్చింది దాన్నే!

రెండూ కావాలంటే 1990 నాటి బాక్స్ సెట్ తీసుకో, 41 టేకులు. కానీ ఒకే పాట వెంటవెంటనే రెండుసార్లు మోగుతుంది, వరసగా వింటే విసుగే. 42వది, 'ట్రావెలింగ్ రివర్‌సైడ్ బ్లూస్' ఇంకో టేకు, 1998లో ఇదే ఆల్బమ్ సీడీ రీఇష్యూలో బయటపడింది. 2011 శతజయంతి సెట్‌లో 42 ఉన్నాయి.

పాత ఎల్పీయే కావాలంటే నంబరు సీఎల్ 1654, లేబుల్ మీద కొలంబియా గుర్తయిన కన్ను బొమ్మలు ఆరుండాలి. 1962 తర్వాతి లేబుల్ మీద రెండే కళ్లు. 'స్టీరియో' అని రాసుంటే వదిలెయ్, అసలు రికార్డింగే మోనో, అంటే ఒకే ఛానల్‌ది.

రికార్డింగుల వేగం పెంచారు, ఇరవై శాతం తగ్గించి వినాలి అనే వాదన నమ్మకు. అలా తగ్గిస్తే శ్రుతి దాదాపు నాలుగు స్వరస్థానాలు దిగుతుంది. పైగా రెండు ఊళ్లలో, ఏడు నెలల తేడాతో, అదే తప్పు జరిగి ఉండాలి. నాకైతే గొంతుక నీరసంగా, తాగినవాడిలా వినిపిస్తుంది.

ఎక్కడైనా అసలు 78 దొరికితే ఎల్పీ ముల్లుతో మాత్రం వాయించకు. అది అంగుళంలో వెయ్యో వంతు, 78 గాడికి వెయ్యిలో మూడు వంతులది కావాలి. సన్నది గాడి అడుగున దొర్లి దుమ్మునే వినిపిస్తుంది. గరగర తీసేస్తామని ఫిల్టర్ బిగించిన కాపీలూ వద్దు, ఆ గరగరతోపాటు స్లైడ్ (గిటార్ తీగలమీద జార్చే గొట్టం) మెరుపు కూడా పోతుంది.

డబ్బు పంపేముందు రెండువైపుల లేబుళ్ల ఫొటో తెప్పించి నాకు పంపరా.

నీ,
రాజు