మీట నొక్కేది మనిషి, నేర్చుకునేది కుక్క

సంపాదకులకు,

పెంపుడు కుక్కల శిక్షణపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఎలక్ట్రానిక్ కాలర్‌ను నొప్పి లేని సాధనంగా పేర్కొంది. శబ్దంతోనో ప్రకంపనతోనో సరిపెట్టే కాలర్లు ఉన్నమాట నిజమే. కానీ రిమోట్ మీట నొక్కగానే మెడకు ఆనుకున్న రెండు లోహపు మొనల గుండా విద్యుత్తును పంపే రకం పనిచేసేదే బాధ వల్ల. ఏ బాధా కలగకపోతే కుక్క తాను చేస్తున్న పనిని ఎందుకు మానుకుంటుంది?

ఆ బాధను కుక్క దేనితో ముడిపెట్టుకుంటుందన్నదే అసలు చిక్కు. ఎదురుగా వస్తున్న పిల్లవాణ్ణి చూసి మొరిగినప్పుడు షాక్ తగిలితే, మొరగకూడదని అది గ్రహించవచ్చు. పిల్లలు దగ్గరికొస్తే మెడ చురుక్కుమంటుందనీ నేర్చుకోవచ్చు. రెండోదే జరిగితే, మాన్పించబోయిన కోపాన్ని యజమాని స్వయంగా పెంచి పోషించినట్లే. మొరుగుడును పసిగట్టి దానంతటదే షాకిచ్చే కాలర్‌కైతే, భయంతో మొరిగినా ఒంటరితనంతో మొరిగినా ఒకటే.

జర్మనీ పరిశోధకులు బీగిల్ కుక్కలపై జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ గమనించదగినది. వేటబొమ్మను తాకిన క్షణంలోనే షాక్ తగిలిన కుక్కల్లో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోను చెప్పుకోదగినంతగా పెరగలేదు. ఎప్పుడు, ఎందుకు తగులుతుందో ఊహించలేని కుక్కల్లో మాత్రం బాగా పెరిగింది. ప్రయోగశాలలో క్షణం చూసుకుని నొక్కే చేతికీ, ఫోనులో మాట్లాడుతూ నొక్కే బొటనవేలికీ ఉన్న తేడా నేను వేరే చెప్పనక్కరలేదు.

పశువుల వెంటపడి, పిలిచినా వెనక్కి రాని కుక్క ప్రాణం దక్కాలంటే కాలర్ తప్పదని కొందరు శిక్షకులు అంటారు. తేలిగ్గా కొట్టిపారేయదగిన వాదన కాదిది. అయితే ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ముఖ్యంగా పిలిస్తే రాని 63 కుక్కలకు ఐదేసి రోజుల శిక్షణ ఇప్పించి 2020లో ప్రచురించిన ఫలితాల్లో, తినుబండారంతోనూ మెచ్చుకోలుతోనూ నేర్చుకున్నవే మెరుగ్గా మాట విన్నాయి. కాలర్ వాడినవారు కొత్తవాళ్లేమీ కారు, తయారీదారుల సంఘమే సూచించిన శిక్షకులు. వేల్స్ ప్రభుత్వం కుక్కలకు, పిల్లులకు ఈ కాలర్లు వాడరాదని 2010లోనే నిషేధించింది.

తదుపరి వ్యాసంలోనైనా, పొడవాటి తాడు కట్టి పిలుపు నేర్పే పద్ధతిని వివరించవలసిందిగానూ, ఉన్నట్టుండి మొరగడమో కరవడమో మొదలుపెట్టిన కుక్కను ముందుగా పశువైద్యునికి చూపించాలని, చెవిపోటో కీళ్లనొప్పో అందుకు కారణం కావచ్చని పాఠకులకు తెలియజేయవలసిందిగానూ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు